సంతకం లేనిదే జీర్ణక్రియ జరగదు

పిల్లలకు చదువు మీద ఆసక్తి పుట్టించాలంటే ఒకటే దారి. వాళ్లను చదువుకోనివ్వకూడదు!

నవ్వకండి. ఈ మాట నేను గాలిలోంచి పట్టుకొచ్చి అనడం లేదు. పెన్సిల్వేనియా కొండల మధ్య ఉన్న మా కెట్లర్స్ రన్ ఊళ్లో, మా స్కూలు బోర్డు వారు ఈ సంగతిని ప్రయోగం చేసి మరీ నిరూపించారు. కొత్త పుస్తకాలు కొనిచ్చి, కంప్యూటర్లు పెట్టించి, బహుమతులు ఆశపెట్టి ముప్ఫై ఏళ్లలో సాధించలేనిది ఆరు వారాల్లో సాధించి చూపించారు. ఇంత మేలు చేసినవాళ్లను పట్టుకుని కొందరు ఎగతాళి చేస్తున్నారంటే నాకు కడుపు మండిపోతోంది. అందుకే జరిగింది జరిగినట్టు మీ ముందు పెడుతున్నాను. తీర్పు మీరే చెప్పండి.

ముందుగా వెర్నా స్టోల్జ్ గురించి చెప్పాలి.

మా మిడిల్ స్కూల్లో ఆరో తరగతికి సైన్సు చెప్పేది ఆవిడే. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే గది, అదే నల్లబల్ల. ఊళ్లో సగం మందికి ఆకు ఎందుకు పచ్చగా ఉంటుందో చెప్పింది ఆవిడే. మిగతా సగం మంది ఆ రోజు బడి ఎగ్గొట్టినవాళ్లు. పొట్టి మనిషి, గట్టి గొంతు. వానపాముని చేతిలో పట్టుకుని మాట్లాడుతుంటే పక్కింటి పాపాయిని ఎత్తుకున్నట్టుంటుంది. అలాంటి మనిషికి కూడా జీవితంలో ఒక కొరత మిగిలిపోయింది. పాఠ్యపుస్తకంలో ఏడో పాఠం, జీర్ణక్రియ. ముప్ఫై ఒక్క బ్యాచిలకు చెప్పింది. ఒక్క బ్యాచి అయినా ఆవలించకుండా విన్న పాపాన పోలేదు.

ఇక రెండో మనిషి టాడ్ రకర్ట్. బోర్డు అధ్యక్షుడు. ఏడాదిలో ఐదు నెలలు మంచు కురిసే ఊళ్లో ఈత కొలనులు అమ్ముకునే వ్యాపారం ఆయనది. కాబట్టి ప్రజాసేవకు తీరిక దండిగా దొరుకుతుంది. మనిషి చెడ్డవాడేం కాదు. ఎవరింట్లో చావు జరిగినా ఆ ఇంటివాళ్లకు వండించిన మొదటి క్యాసరోల్ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడేది ఆయనే. ఒకరోజు ఆయన ఎక్కడో ఏదో స్కూల్లో పిల్లలకు ఏదో నేర్పేశారని ఫోన్లో చదివాడు. ఆ స్కూలు ఏ రాష్ట్రంలో ఉందో, ఏం నేర్పారో సరిగ్గా గుర్తు లేదు. కానీ మన ఊళ్లో జరగకముందే ఆపాలా, వద్దా?

"మన పిల్లలకు బళ్లో ఏం చెప్తున్నారో తెలుసుకునే హక్కు మనకు లేదా?" అని ఆయన బోర్డు సమావేశంలో అడిగాడు.

ఎందుకు లేదు? నిక్షేపంగా ఉంది! ఆ మాటకు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది వెర్నాయే. ఆవిడ ఇన్నేళ్లూ ఎదురుచూసింది ఈ ముక్క కోసమే. తల్లిదండ్రులను రమ్మని ఇరవై నాలుగు కుర్చీలు వేయిస్తే ఐదుగురొచ్చేవారు. అందులో ఒకరు వేరే గది అనుకుని పొరపాటున వచ్చినవారు.

అలా పుట్టింది అరవై రెండు పేజీల 'తల్లిదండ్రుల హక్కుల విధానం'. ఆగస్టు నుంచి అమలు.

అందులోని సొగసు కాస్త వినండి. ప్రతి పాఠమూ రెండు వారాల ముందే ఇంటికి తెలియజేయాలి. ప్రతి పాఠానికీ ఒక ఫారం. తల్లో తండ్రో స్వయంగా స్కూలు ఆఫీసుకి వచ్చి, గుర్తింపు కార్డు చూపించి, ఆఫీసు గుమాస్తా కళ్లెదుట సిరా పెన్నుతో సంతకం పెట్టాలి. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు లోపల మాత్రమే. ఇంటి దగ్గర సంతకం ఎందుకు చెల్లదంటారా? పోయినేడాది ఒకడు వాళ్లమ్మ సంతకం వాళ్లమ్మ కంటే చక్కగా పెట్టాడట! సంతకం లేదంటే ఒప్పుకోనట్టే లెక్క. ఒప్పుకోని పిల్లలు ఆ పాఠం అయ్యేదాకా కారిడార్లో కూర్చుని వేరే పని చేసుకోవాలి.

ముద్దుపేర్లకూ ఫారం ఉంది. ఫారం ఆరు. అది లేకుండా విలియమ్‌ను బిల్ అని పిలవడం నేరం. మొదటి రోజు హాజరు పట్టీ తీసి వెర్నా "థియోడోర్ ఆగస్టస్ హెన్రిక్సన్" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచింది. అందరితో పాటు థియో కూడా, ఎవర్రా ఆ కొత్తవాడు అని వెనక్కి తిరిగి చూశాడు.

సరే, సెప్టెంబరులో ఏడో పాఠం వచ్చింది. అప్పుడు చూడాలి మా ఊరి తల్లిదండ్రుల చైతన్యం!

బొమ్మలో కడుపు లోపల హాట్‌డాగ్ ముక్క ఉంది, మేం శాకాహారులం, మా పిల్లకు వద్దన్నారు ఒకరు. కడుపులో యాసిడ్ ఉంటుందని తెలిస్తే మావాడు అన్నం మానేస్తాడన్నారు ఇంకొకరు. పెద్దపేగు చేసే చివరి పని గురించి బళ్లో మాట్లాడటం మర్యాద కాదన్నారు మరొకరు. ఒకాయన ఫారం మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: "మా ఇంట్లో జీర్ణక్రియ సంగతి మేమే చూసుకుంటాం." ఆ ఫారాన్ని లొరెట్టా మిజాక్ ఫొటో తీసి దాచుకుంది. స్కూలు ఆఫీసు గుమాస్తా ఆవిడే, బోర్డు సమావేశాలకు మినిట్స్ రాసేదీ ఆవిడే.

లెక్క తేలింది. ఇరవై నాలుగు మందిలో వద్దన్నవాళ్ల పిల్లలు ఎనిమిది. ఏమీ అనని, అసలు ఆఫీసుకే రాని వాళ్ల పిల్లలు తొమ్మిది. క్లాసులో మిగిలింది ఏడుగురు. కారిడార్లో పదిహేడుగురు.

కారిడార్ వాళ్లకు ఇచ్చిన పని, రాష్ట్రం మ్యాపులో అరవై ఏడు కౌంటీలకూ రంగులు వేయడం. పావుగంట గడిచింది. బయట మరీ నిశ్శబ్దంగా ఉందేమిటా అని వెర్నా తలుపు తీసింది.

పదిహేడు తలలూ ఒక్క పుస్తకం మీద వాలి ఉన్నాయి! బ్రిన్ అనే పిల్ల ఆ పుస్తకాన్ని మ్యాపు కింద దాచి గుసగుసగా చదువుతోంది. "చిన్నపేగు పొడుగు ఇరవై అడుగులంట. మీద పడకుండా కూర్చోండ్రా, వినిపిస్తా కదా!" ఇద్దరు వ్యాయామం గదిలోంచి తాడు పట్టుకొచ్చి కారిడార్లో ఇరవై అడుగులు కొలుస్తున్నారు. అంత పొడుగు తన పొట్టలో ఎలా పట్టిందా అని థియో చొక్కా పైకెత్తి చూసుకుంటున్నాడు. ఇంతలో క్లాసులోని ఏడుగురూ ఒకరి తర్వాత ఒకరు బాత్రూమ్‌కని బయటికొచ్చి, మళ్లీ లోపలికి పోలేదు.

వారం తర్వాత పరీక్ష. కారిడార్ పిల్లలకు పరీక్ష లేదన్నారు. పాఠం విననివాళ్లకు పరీక్షేమిటి? పిల్లలు గొడవకు దిగారు. "మాకూ పెట్టండి మిస్! మాకన్నీ వచ్చు!" పరీక్ష పెట్టమని పిల్లలు ఏడవడం మీరెక్కడైనా చూశారా? ఇంతకంటే గొప్ప విద్యావిధానం ఈ భూమ్మీద ఉందా?

ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేను టాడ్‌కి శిలావిగ్రహం పెట్టించమనేవాణ్ని.

కానీ ఆ పదిహేడుగురిలో మార్లీ డ్వోరాక్ ఉంది. మిగతావాళ్లలో చాలామంది ఒక పాఠానికి బయట ఉంటే ఇంకో పాఠానికి లోపల ఉండేవారు. ఏ సంతకమూ రాని కొందరు మాత్రం అన్నిటికీ బయటే, మార్లీ వాళ్లలో ఒకతి. ఏడో పాఠం నాడంటే సందడిగా ఉంది. మిగతా రోజుల్లో ఆ పొడుగాటి కారిడార్లో ఒక మూల అదొక్కతే కూర్చునేది. దాని విషయంలో ఎవరూ దేనికీ వద్దనలేదు. సంతకం పెట్టాల్సిన తల్లి జోలీన్ పద్దెనిమిది చక్రాల ట్రక్కు నడుపుతుంది. సోమవారం బయల్దేరితే శుక్రవారం రాత్రికే ఇంటికి. వారమంతా మార్లీ పిన్నింట్లో ఉంటుంది. పిన్ని సంతకం చెల్లదు.

అక్టోబరులో ఆరో తరగతి వాళ్లు వాగు దగ్గరికి వెళ్తారు. రాళ్లెత్తి, వాటి కింద ఉండే పురుగులను లెక్కపెట్టి కౌంటీ వాళ్లకు పంపుతారు. ఏ పురుగులెన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి నీళ్లు ఎంత శుభ్రమో తెలుస్తుంది. మార్లీ ఎనిమిదో ఏటి నుంచి ఆ వాగులో సొంతంగా ఆ లెక్కలే రాస్తోంది. నాలుగు నోటుపుస్తకాలు నిండాయి. వాగు దగ్గరికి వెళ్లాల్సిన ముందురోజు అది ఆ నాలుగూ తెచ్చి వెర్నా బల్ల మీద పెట్టింది.

"నేనెలాగూ రాను కదా మిస్. మీరు పట్టుకెళ్లండి. వంతెన కింద ఎడమవైపు రాళ్లు చూడండి. అక్కడే ఎక్కువుంటాయి."

ఆ పిల్ల ఏడ్చి ఉంటే వెర్నా ఓదార్చేదేమో. అది ఏడవలేదు. అంత మామూలుగా చెప్పడమే వెర్నాకు మింగుడుపడలేదు. ఆరు వారాల్లో పిల్లకి బయట కూర్చోవడం అలవాటైపోయింది! ఆవిడ నేరుగా ఆఫీసుకు వెళ్లి జోలీన్‌కి ఫోన్ చేసింది.

"మార్లీకి ఏమైంది?" జోలీన్ మొదటి మాట అదే.

"ఏం కాలేదమ్మా. రేపు వాగు దగ్గరికి తీసుకెళ్లాలి. మీ సంతకం కావాలి. మూడు లోపల రాగలరా?"

"నేను నెబ్రాస్కాలో ఉన్నా మేడమ్! నా కూతురు పురుగు చూడాలంటే నేను వెయ్యి మైళ్లు బండి వెనక్కి తిప్పాలా?"

"విధానం ప్రకారం అంతే."

"ఏ విధానం?"

వెర్నా చెప్పింది. కారిడార్ సంగతి కూడా చెప్పింది.

"ఆరు వారాల నుంచా? నాకొక్క ముక్క చెప్పలేదే అది! శనివారాలప్పుడు అడిగితే బానే ఉందమ్మా అంటోంది." జోలీన్ గొంతు మారింది. "మేడమ్, చూడండి. నేను దాని తల్లిని. నేను చెప్తున్నా. దానికి అన్నీ నేర్పండి. పురుగులు, పేగులు, మీకేది వస్తే అది. సరేనా?"

"సరే" అంది వెర్నా.

పక్కనే ఉన్న లొరెట్టా కళ్లద్దాల మీంచి చూసింది. "వెర్నా, ఫోన్లో సంతకం చెల్లదే. ఎవరైనా ఫిర్యాదు చేస్తే నీ ఉద్యోగం మీదికొస్తుంది."

"రానీ."

మర్నాడు మార్లీ వాగులో దిగింది. వంతెన కింద ఎడమవైపు రాళ్లెత్తి, తోటి పిల్లలకు చూపించింది. ఏది తోక, ఏది ఊపిరితిత్తి చేసే పని చేస్తుందో చెప్పింది. ఆ రోజు క్లాసు నిజానికి అదే నడిపింది. వెర్నా గట్టు మీద కూర్చుని నోట్సు రాసుకుంది.

వాగు పక్కనే గిఫర్డ్ పెల్ ఇల్లు. డెబ్భై ఎనిమిదేళ్ల రిటైరైన రైల్వే గార్డు. ఆయన పిల్లలకే యాభై దాటాయి. అయినా మా స్కూలు మీద ఆయనకున్న శ్రద్ధ ఇంతా అంతా కాదు. ప్రతి బోర్డు సమావేశానికీ వస్తాడు, ప్రతి ఫారం నకలూ అడిగి తీసుకుంటాడు. వరండాలో కూర్చుని లెక్కపెట్టాడు. ఫారాలు పదకొండు, తలలు పన్నెండు! సాయంత్రానికి ఫిర్యాదు బోర్డుకు చేరింది.

విచారణ స్కూలు క్యాంటీన్లో, సాయంత్రం ఆరున్నరకు. గదినిండా మధ్యాహ్నపు పిజ్జా వాసన. వెర్నా పొడుగు బల్ల ముందు ఒంటరి కుర్చీలో కూర్చుంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో పిల్లలను ఎన్నోసార్లు అలా ఎదురుగా నిలబెట్టి అడిగింది. ఇటువైపు నుంచి చూస్తే బల్ల ఇంత పొడుగ్గా ఉంటుందని ఆవిడకు అప్పుడే తెలిసింది.

టాడ్ లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మిస్ స్టోల్జ్, తల్లి అనుమతి లేకుండా పిల్లను తీసుకెళ్లారా?"

"అనుమతి ఉంది సర్. ఫోన్లో ఇచ్చారు."

"ఫోన్లో మాట్లాడింది తల్లేనని నమ్మకమేంటి?"

"నేనే!" వెనక నుంచి గట్టిగా ఒక కేక. అందరూ తిరిగి చూశారు. బురద బూట్లతో, నెత్తిన టోపీతో జోలీన్ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ ట్రక్కు బయట ఆరు కార్లకు అడ్డంగా ఆగి ఉంది.

"మీరు మాట్లాడేవాళ్ల జాబితాలో పేరు రాయించుకున్నారా?" అడిగాడు టాడ్.

"ఏ జాబితా?"

"మధ్యాహ్నం పన్నెండుకే ముగిసింది."

"పన్నెండుకి నేను ఒహాయోలో ఉన్నా!"

"క్షమించండి. నియమం నియమమే."

పాఠకులారా, తల్లిదండ్రుల హక్కులను కాపాడే సభలో నోరు విప్పే హక్కు ఆ తల్లికి లేదు! పద్ధతి అంటే అలా ఉండాలి!

అప్పుడు ముందు వరసలో కర్ర పట్టుకుని గిఫర్డ్ పెల్ లేచాడు. జాబితాలో మొదటి పేరు ఆయనదే. "నా మూడు నిమిషాలు ఆ అమ్మాయికిచ్చేస్తున్నా" అన్నాడు.

"పెల్ గారూ, ఫిర్యాదు పెట్టింది మీరే కదా?"

"పెట్టా. లెక్క తప్పింది కాబట్టి పెట్టా. కానీ టాడ్, పదకొండు నెలల నుంచి ఈ సమావేశాలకొస్తున్నా. బళ్లో బిడ్డ ఉన్న మనిషి వచ్చి మాట్లాడతాననడం ఇదే మొదటిసారి. నాకు వినాలనుంది. రామ్మా, ఇక్కడ నిలబడు."

జోలీన్‌కి మూడు నిమిషాలు అవసరం కాలేదు. "నాకు హక్కులున్నాయన్నారు. సంతోషం. నేను నా హక్కు వాడుకున్నా. దానికి అన్నీ నేర్పమని టీచరుకు చెప్పా. ఆ మాట రాయడానికి మీ ఫారంలో చోటెక్కడుందో చూపించండి, సంతకం పెట్టి పోతా. వద్దనడానికి నలభై ఆరు ఫారాలున్నాయి. 'నాకు ఈ టీచరు మీద నమ్మకం ఉంది' అనడానికి ఒక్క ఫారం లేదేం?"

టాడ్ పేజీలు తిప్పాడు. నిజంగానే లేదు.

"చూడమ్మా, ఇదంతా మీలాంటివాళ్ల కోసమే" అన్నాడు ఆయన కాస్త తగ్గి. "పిల్లల్ని పట్టించుకోని తల్లిదండ్రులుంటారు. వాళ్లకు బాధ్యత తెలియాలి. మిస్ స్టోల్జ్, ఒక్క ఫారం కూడా ఇవ్వనివాళ్లు మీ క్లాసులో ఎంతమంది?"

"తొమ్మిది మంది సర్. వద్దన్న ఎనిమిది మంది సంగతి వేరు, అది వాళ్ల ఇష్టం. ఈ తొమ్మిది మంది మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు."

"వాళ్ల పేర్లు చదవండి! బాధ్యత లేనివాళ్లెవరో ఊరికి తెలియాలి!"

"మూడో సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పేర్లు బయట పెట్టకూడదు. మీరే రాశారు."

"ఒక్కరిదైనా చెప్పలేరా?"

వెర్నా ఒక్క క్షణం ఆలోచించింది. "ఒక్కరిది చెప్పొచ్చు. ఆ అమ్మాయి తండ్రి ఈ గదిలోనే ఉన్నాడు. ఆయన సరేనంటే చెప్తా."

టాడ్ కుర్చీలన్నీ కలయజూశాడు. "ఎవరండీ ఆ తండ్రి? సిగ్గుపడాల్సిందేం లేదు. లేచి నిలబడండి!"

ఎవరూ లేవలేదు.

"నిలబడండి సార్! మేమేం తినేయం!"

మినిట్స్ రాస్తున్న లొరెట్టా పెన్ను కింద పెట్టింది. చిన్నగా దగ్గింది. "టాడ్."

"ఏంటి లొరెట్టా?"

"నువ్వు నిలబడే ఉన్నావు."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత గదంతా పగలబడి నవ్వింది. టాడ్ నవ్వలేదు. "బ్రిన్నా?" అన్నాడు మెల్లగా. "నేను సంతకాలు పెట్టలేదా?"

"తొమ్మిది నుంచి మూడు లోపల రావాలి కదా" అంది లొరెట్టా. ఆవిడ గొంతులో వెటకారం లేదు. "ఆ టైముకి నువ్వు కొట్లోనో, హక్కుల కమిటీలోనో ఉంటావు. నీ భార్యది ఆసుపత్రిలో పగటి డ్యూటీ. బ్రిన్ కూడా ఆరు వారాలుగా కారిడార్లోనే ఉంది."

ఆయన కూర్చున్నాడు. వెర్నాకు ఆయన మీద అంతవరకూ ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆ మొహం ఆవిడకు తెలిసిన మొహమే. ఎన్నో ఏళ్ల కిందట, తన క్లాసులో జవాబు తప్పిందని తెలిసిన ఆరో తరగతి టాడ్ ఇలాగే కిందికి చూసేవాడు.

విధానాన్ని రద్దు చేయలేదు. చేస్తే పరువేం కావాలి? ఫారం నలభై ఏడు అని కొత్తది చేర్చారు. దాని మీద ఒకటే వాక్యం: 'మా పిల్లకు అన్నీ నేర్పండి.' ఏడాదికి ఒక్కసారి, ఇంటి దగ్గరే సంతకం పెట్టి పంపొచ్చు. జోలీన్ క్యాంటీన్ బల్ల మీదే మొదటిది పెట్టి, ట్రక్కు తీయడానికి పరుగెత్తింది. వెర్నా ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం పెట్టారు. లెక్క లెక్కే కదా! వారం తిరిగేసరికి ఇరవై నాలుగు మందిలో పంతొమ్మిది ఫారాలొచ్చాయి. మిగతా ఐదుగురు వద్దన్న పాఠాలకు వాళ్ల పిల్లలు బయట కూర్చుంటున్నారు. వాళ్ల హక్కు వాళ్లది. మార్లీ ఇప్పుడు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటోంది. కౌంటీ నివేదికలో పురుగుల లెక్క కింద దాని పేరు అచ్చయింది.

కానీ నా బాధ ఎవరికి చెప్పుకోను? ఎనిమిదో పాఠం, రక్తప్రసరణ. అందరికీ అనుమతి ఉంది. ఒక్కరు కూడా తాడు పట్టుకుని పరుగెత్తలేదు. థియో అయితే ఏకంగా నిద్రపోయాడు. చక్కగా నడుస్తున్న విద్యావిధానాన్ని చేజేతులా పాడు చేసుకున్నాం!

నవంబరులో ఒక మంగళవారం మంచు ముంచెత్తి బోర్డు సమావేశం రద్దయింది. టాడ్ ఏడాది తర్వాత మొదటిసారి మంగళవారం సాయంత్రం ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. మీట్‌లోఫ్ ముక్క కోసుకుంటూ, ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు నీళ్లు తాగాడు. ఆఖరికి అడిగేశాడు.

"బ్రిన్, ఇవాళ స్కూల్లో ఏం చెప్పారమ్మా?"

బ్రిన్ ఫోర్కు కింద పెట్టింది. తల్లి వైపు చూసింది. తర్వాత తండ్రి వైపు జాలిగా చూసింది.

"ఈసారి ఎవరి మీద కంప్లైంట్ ఇవ్వాలి నాన్నా?"